నిద్ర పట్టని వాళ్ళూ, నిద్ర దొరకని వాళ్ళూ

పెళ్ళయిన నాలుగో రోజు పొద్దున్న ఏడింటికి లేచాను. హాల్లోకి వచ్చేసరికి మా అత్తగారి తోడికోడలు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఊర్మిళాదేవి నిద్ర లేచిందమ్మా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి అయిదింటికి లేచాను. అలా ముప్ఫై అయిదేళ్ళు లేచాను. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క మాట సరిపోయింది.

మగవాడు పొద్దెక్కేదాకా పడుకుంటే కుంభకర్ణుడంటారు. ఆ మాటలో కొంత ముద్దుంటుంది, 'ఇంకాసేపు పడుకోనీ' అన్న సమ్మతీ ఉంటుంది. ఊర్మిళ పేరుతో ఆడదాన్ని అనే మాటలో అది ఉండదు. చిత్రమేమిటంటే, 'ఊర్మిళాదేవి నిద్ర' ఆడవాళ్ళు పాడుకున్న పాట. వాల్మీకి పట్టించుకోని ఊర్మిళను పట్టించుకుని, ఆమె పద్నాలుగేళ్ళ నిద్రను కథగా అల్లుకున్నది మన అమ్మమ్మలే. ఆ పాటలో నిద్ర లేచిన ఊర్మిళ ఎదురుగా ఉన్నవాడు భర్తేనని గుర్తుపట్టదు. పరాయి ఆడదాని జోలికి పోయినవాళ్ళకి ఏ గతి పట్టిందో చెప్పి, బయటికి పొమ్మంటుంది. ఇంత గట్టి మనిషిని ఇళ్ళల్లో వెక్కిరింపుగా మిగిల్చాం. స్త్రీలు నిద్రపోవడం గురించి మనకున్న భయమేమిటో ఆ వెక్కిరింపులో తెలుస్తుంది.

నేను సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయిన దాన్ని. కిందటేడు మా కాలనీలోని మహిళా సంఘం వాళ్ళు "ఆడవాళ్ళం ఎవరికీ నిద్రలుండటం లేదు, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారు. కమ్యూనిటీ హాల్లో ముప్ఫై మంది దాకా వచ్చారు. కాలనీ వాళ్ళు కొందరు, వెనక బస్తీ నుంచి కొందరు. నేను తెలిసిన సంగతులే చెప్పాను. రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ తగ్గించండి. పక్క మీద ఫోన్ చూడకండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పక్క ఎక్కండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే అలాగే పొర్లకుండా లేచి ఇంకో గదిలో కూర్చోండి.

"ఇంకో గదెక్కడిది మేడమ్, మాకున్నదే ఒకటి" అంది వెనక వరసలో ఒకామె. హాలంతా నవ్వు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయికి అమెరికా వాళ్ళతో కాల్స్ రాత్రి పదకొండు దాటాక గానీ అవ్వవు. ఆరింటికి పిల్లాడి టిఫిన్ బాక్సు. యాభై దాటినావిడ రాత్రుళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి చెమటతో లేస్తుంది. ఫ్యాను పెంచితే భర్తకు చలి. ఇంకొకామె చాలా మెల్లిగా, "రాత్రి లేచి హాల్లో కూచుంటే ఎవడితో ఫోన్ మాట్లాడుతున్నావంటాడు మా ఆయన" అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

చివర్లో మా ఇంట్లో వంట చేసే ఆమె లేచింది. ఆమెది పాలమూరు వైపు. "నాకు నిద్ర రాకపోవుడేంది అమ్మా, కూసుంటే వస్తది, నిలవడితే వస్తది. పండనీకే వేళ దొరకది. గది చెప్పుండ్రి" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె వేళకు పడుకోలేకపోవడానికి ఒక కారణం మా ఇల్లే. ఆరింటికల్లా మా గుమ్మంలో ఉండాలంటే ఆమె నాలుగున్నరకి లేవాలి. తెల్లారి ఆరు నుంచి ఏడు దాకా నేను తీసే కునుకు ఆమె నిద్రలోంచి కోసుకున్న ముక్క. రిటైరయ్యాక నాకు దక్కిందనుకుని మురిసిపోయిన ఆ గంట అక్షరాలా ఆమెది.

ఆ రాత్రి ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకున్నాను. నిద్రలేమికి వైద్యశాస్త్రం ఇచ్చే నిర్వచనం నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పిందే. వారానికి కనీసం మూడు రాత్రులు, కనీసం మూడు నెలల పాటు, నిద్ర పట్టకపోవడమో, మధ్యలో మెలకువొచ్చి మళ్ళీ పట్టకపోవడమో, మరీ ముందే లేచిపోవడమో జరగాలి. దానివల్ల పగలు ఇబ్బంది కలగాలి. ఆ నిర్వచనంలోనే ఇంకో షరతుంది: నిద్రపోవడానికి తగినంత అవకాశం ఉండి కూడా ఇలా జరుగుతుండాలి. అన్నేళ్ళూ ఆ వాక్యాన్ని గబగబా చదివి దాటేశాను. అవకాశం ఉందా లేదా అన్నది డాక్టరు గదికి బయటే తేలిపోయినట్టు, అదేదో గాలిలాగా అందరికీ సమానంగా ఉన్నట్టు అనుకున్నాను.

2006లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో నిద్రలేమి 1.4 రెట్లు ఎక్కువని తేల్చారు. నెలసరి, గర్భం, ముట్లుడగడం వంటి శరీర కారణాలు నిజమైనవే. వాటిని కాదనడం స్త్రీవాదం కాదు. అయితే ఇంకో లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. 2019లో మన దేశంలో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు దానికే వెచ్చిస్తే, ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో మళ్ళీ చూస్తే 289, 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు మిగిలాయి. మగవాళ్ళకి తొమ్మిది మిగిలాయి! ఈ నిమిషాలన్నీ పగటి వేళల్లోంచే వస్తాయా? రోజుకి ఇరవైనాలుగ్గంటలే కదా.

ఇక్కడిదాకా చెబితే వ్యాసం తేలిగ్గా ముగించవచ్చు. నిద్రలేమి జబ్బు కాదు, పితృస్వామ్యం. మాత్రలొద్దు, పని పంచుకోండి. ఒకప్పుడు నేనూ అలాగే ముగించేదాన్ని. అలా ముగించినందుకు మా అమ్మ పడ్డ కష్టం చెప్పకుండా ఈ మాటలు రాసే హక్కు నాకు లేదు.

మా నాన్నకి ఉబ్బసం. రాత్రి రెండింటికి ఆయాసం ఎక్కువయ్యేది. అమ్మ లేచి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చి, వీపు రాస్తూ కూర్చునేది. ఇరవై ఏళ్ళు అలా గడిచింది. 1998లో నాన్న పోయారు. ఇక అమ్మ హాయిగా నిద్రపోవచ్చని అందరం పైకి అనకపోయినా అనుకున్నాం. కానీ అమ్మకి రెండింటికి మెలకువ రావడం ఆగలేదు. లేవడం, చీకట్లో దగ్గు వినబడుతుందేమోనని చెవులు రిక్కించడం, తెల్లారేదాకా పొర్లడం. ఒక డాక్టరు ఆల్ప్రజోలం మాత్ర రాశాడు. నెలరోజులకని రాసిన చీటీ పదకొండేళ్ళు నడిచింది. మందుల షాపు అబ్బాయికి అమ్మ మొహం చూస్తే చాలు, స్ట్రిప్ తీసిచ్చేవాడు. (2014 నుంచి ఈ మందులు షెడ్యూల్ హెచ్1లోకి వచ్చాయి. అమ్మినప్పుడల్లా వేరే రిజిస్టర్లో రాయాలి.)

2009లో అమ్మ నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు ఆ స్ట్రిప్ చూశాను. అప్పట్లో నేను మత్తు మందుల చరిత్ర చదువుతున్నాను. 1963లో వేలియం మార్కెట్లోకి వచ్చింది. ఇల్లాళ్ళ పేరులేని వేదన గురించి బెట్టీ ఫ్రీడన్ పుస్తకం వచ్చిందీ ఆ ఏడే. ఒక చేత ప్రశ్న, ఇంకో చేత మాత్ర. నా ఆవేశానికి మంచి ఆధారం దొరికింది. "ఇరవై ఏళ్ళు నిన్ను నిద్రపోనీలేదు, ఇప్పుడు నోరెత్తకుండా మాత్ర మింగిస్తున్నారు. ఇది నీ జబ్బు కాదమ్మా" అని గంటసేపు చెప్పాను. అమ్మ విని, "అయితే రాత్రికి ఏం చెయ్యమంటావే?" అంది. నేను స్ట్రిప్ తీసి చెత్తబుట్టలో పడేశాను.

రెండు రాత్రులు అమ్మ కన్ను మూయలేదు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. ఈ మందుల్ని ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారిగా మానితే ఇలా జరగవచ్చని ఆసుపత్రిలో డాక్టరు చెప్పేదాకా, సైకాలజీ లెక్చరర్ని, నాకు తట్టలేదు. తెలియదని కాదు, ఆవేశంలో గుర్తు రాలేదు. నేను చెప్పిన విశ్లేషణలో తప్పు లేదు. దానితో అమ్మకి జరిగింది మాత్రం హింస.

అప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. అన్యాయం వల్ల నిద్ర కోల్పోయిన మనిషికి నిద్రపోవడం నేర్పడం సరైన పనేనా? నేర్పితే ఆ అన్యాయానికి సర్దుకుపోయేలా చేసినట్టు కాదా? ఇంట్లో పని పంపకం మారదు, అనుమానించే మొగుడు మారడు, ఆమె మాత్రం చిట్కాలు పాటించి, ఇంకొంచెం ఓపిక తెచ్చుకుని, మర్నాడు ఇంకొంచెం బాగా చాకిరీ చేస్తుంది. నిద్ర కూడా చాకిరీకి వేసే దాణా అవుతుంది. ఆఫీసుల్లో పెట్టే ఆరోగ్య శిబిరాల్లో నిద్ర గురించి మాట్లాడేవాళ్ళు 'మర్నాటి పనితనం' గురించే ఎందుకు మాట్లాడతారో ఆలోచించండి.

కానీ నేర్పకపోతే? వ్యవస్థ మారేదాకా మేలుకుని ఉండమని చెప్పినట్టు. ఆ మాట చెప్పేవాళ్ళు రాత్రి పది నుంచి ఆరు దాకా పడుకునే వాళ్ళయి ఉంటారు, నాలాగా. నిద్ర లేని మనిషికి కోపం వస్తుంది గానీ, ఆ కోపాన్ని ఒక దారిలో నడిపే బలం ఉండదు. అణచివేతకి ఎదురు తిరగాలంటే ముందు కళ్ళు మండకుండా ఉండాలి.

మనలోనే ఇంకో ధోరణి కూడా ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నాక, అర్ధరాత్రి వంటింటి దీపం కింద చదివి, రాసి పైకొచ్చిన స్త్రీని మనం చాలా మెచ్చుకున్నాం. నా ఎం.ఫిల్. థీసిస్ కూడా పదకొండుకీ రెండుకీ మధ్య రాసిందే. సన్మాన సభలో ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. ఇప్పుడు సిగ్గుగా ఉంది. నా పగళ్ళు నాకు దక్కనందువల్ల నా శరీరం నుంచి నేనే దొంగిలించుకున్న గంటలవి. వాటిని ఘనతగా చూపిస్తే, తర్వాతి అమ్మాయి కూడా అలాగే దొంగిలించుకోవాలన్న అర్థం వస్తుంది. ఇష్టపడి మేలుకోవడం వేరు, ఇంకో దారి లేక మేలుకోవడం వేరు.

అమ్మ విషయంలోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. నిద్ర దొరకని వాళ్ళనీ, నిద్ర పట్టని వాళ్ళనీ నేను రెండు జట్లుగా విడదీశాను. అవి ఒకే మనిషి జీవితంలో రెండు దశలు కూడా కావచ్చు. ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త నిద్రలేమిని మూడు మెట్లుగా వివరించాడు. మనిషిలో ముందే ఉండే లక్షణం ఒకటి, దాన్ని రేపే సంఘటన ఒకటి, ఆ సంఘటన అయిపోయాక కూడా నిద్రలేమిని నిలబెట్టే అలవాట్లు ఒకటి. నాన్న దగ్గు పోయింది. దగ్గు కోసం మేలుకున్న శరీరం మిగిలింది. ఇరవై ఏళ్ళు నిద్ర ఇవ్వకపోతే, తర్వాత ఇచ్చినా తీసుకోవడం చేతకాదు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. ఇవాళ కోడలికి నిద్ర దొరకనివ్వని ఇల్లు, రేపటి నిద్ర పట్టని అత్తగారిని తయారు చేస్తోంది. కారణం సామాజికమే అయినా, దాని గుర్తు శరీరంలో ఉంటుంది గనుక శరీరానికి కూడా వైద్యం కావాలి.

ఆ వైద్యం ఉంది. అమెరికాలోని వైద్యుల కళాశాల 2016లో, దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే మానసిక చికిత్స అని సిఫారసు చేసింది. పక్కకీ మెలకువకీ మధ్య ఏర్పడిన ముడిని విప్పడం దాని సారం. నిద్ర రాకపోతే లేచిపోవడం, పక్క మీద గడిపే గంటల్ని కొన్నాళ్ళు తగ్గించి నిద్ర కుదురుకున్నాక పెంచడం, 'ఇవాళ కూడా పట్టకపోతే ఎలా' అన్న భయాన్ని పరీక్షించి చూడటం. దీన్ని తెలిసినవాళ్ళ సాయంతో చెయ్యాలి. మూర్ఛలున్నవాళ్ళు గంటలు తగ్గించడం లాంటివి సొంతంగా చేసుకోకూడదు. అన్నిటికంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. రక్తహీనత ఉందా, పడుకోగానే కాళ్ళు లాగుతున్నాయా, థైరాయిడ్ ఎలా ఉంది? ముట్లుడిగాక గురక, నిద్రలో ఊపిరాగడం ఆడవాళ్ళలోనూ పెరుగుతాయి. కానీ గురక మగవాళ్ళ జబ్బనుకుని మనల్ని ఎవరూ అడగరు. ఆవిర్లకి చికిత్స ఉంది. 'వయసు కదా, భరించాలి' అని చెప్పే డాక్టర్ని మార్చండి. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్ళు దయచేసి నేను చేసినట్టు చెయ్యకండి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోండి.

అమ్మకి మాత్ర మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. రెండింటికి మెలకువ వస్తే పక్క మీద ఉండకుండా హాల్లోకి వచ్చి, చిన్న దీపం వెలుగులో వత్తులు చేసుకునేది. కళ్ళు వాలితే వెళ్ళి పడుకునేది. ఎప్పుడు పడుకున్నా అయిదింటికే లేచేది. చివరికి అయిదున్నర గంటలు నిద్రపోయేది. చాలంది. ఒకరోజు తనే చెప్పింది: "ఇప్పుడు మెలకువొస్తే, ఎవరూ పిలవలేదు కదా అని గుర్తు చేసుకుంటానే. మళ్ళీ పడుకుంటాను." అదే ఆమె చికిత్స సారాంశం. 2017లో పోయేదాకా అలాగే పడుకుంది.

అయితే అమ్మకి లేచి కూర్చోడానికి ఒక హాలుంది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగేవాళ్ళు లేరు. మంచి చికిత్సలోని ప్రతి సూచనా ఒక గదినీ, కొంత సమయాన్నీ, కొంత నమ్మకాన్నీ ముందే కోరుతుంది. అందుకని ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా నిద్ర గురించి వస్తే, కాఫీ గురించి అడగడానికి ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ ఇంట్లో అందరికంటే ఆఖర్న పడుకునేది ఎవరు? అందరికంటే ముందు లేచేది ఎవరు? రెండిటికీ జవాబు ఒకరే అయితే ఆ ఇంట్లో వాళ్ళని కూడా పిలిపించమంటాను. భర్తలు ఎక్కువమంది రారు. వచ్చినవాళ్ళలో కొందరు మారారు. రానివాళ్ళ భార్యలకి కూడా నాకు తెలిసిన సాయం చేస్తాను, వాళ్ళని వెనక్కి పంపను. సాయం చెయ్యడం, ప్రశ్న అడగడం రెండూ ఒకే గంటలో చెయ్యవచ్చని అమ్మ తర్వాత నేర్చుకున్నాను.

2012లో రామ్‌లీలా మైదానం కేసులో మన సుప్రీంకోర్టు, నిద్ర కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అర్ధరాత్రి శిబిరంలో పడుకున్న జనాన్ని పోలీసులు లేపి తరిమిన కేసు అది. మంచి తీర్పు. కానీ మనల్ని లేపేది పోలీసులు కాదు. అలారం మోగిన ఫోన్, రాత్రి ఎప్పుడొస్తుందో తెలియని కుళాయి, పక్కన పడుకున్న మనిషి చెయ్యి, గుక్కపట్టిన పసిబిడ్డ, ఎప్పుడో విన్న ఒక వెక్కిరింపు. వీటి మీద ఏ కోర్టుకి వెళతాం? తెల్లారకముందే మన వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికురాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, ఏ వేళకి లేస్తారో మనలో ఎందరం అడిగాం? 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని సామెత. కష్టజీవికి ఎక్కడ పడుకున్నా నిద్ర పడుతుందని మెచ్చుకోలుగా వాడతాం. ఆ మెచ్చుకోలు చాటున ఆమె ఎంతసేపు పడుకుంటుందన్న లెక్క మరిచిపోతాం.

మా ఇంట్లో వంట చేసే ఆమెని ఎనిమిదింటికి రమ్మన్నాను. చాలా ఉదారంగా ఇచ్చేస్తున్నాననుకున్నాను. "గప్పుడొస్తే తక్కిన రెండిండ్లు ఎట్ల జెయ్యాలె అమ్మా?" అంది. నా ఒక్క ఇల్లు మారితే ఆమె నిద్ర పెరగదు. ఆ రెండిళ్ళ వాళ్ళతో మాట్లాడాను. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. జీతం తగ్గించకుండా వేళలు అటూ ఇటూ జరిపితే, ఇప్పుడామె అయిదుంబావుకి లేస్తోంది. ముప్పావుగంట మిగిలింది. మా ఇంట్లో పొద్దుటి టిఫిన్ మా ఆయన చేస్తారు. అరవై ఏడేళ్ళ వయసులో ఉప్మా నేర్చుకున్నారు, ఉండలు కడుతోంది, తింటున్నాం.

కిందటి నెల మా అబ్బాయీ కోడలూ వచ్చి పది రోజులున్నారు. ఒక ఆదివారం ఎనిమిదైనా కోడలు లేవలేదు. వంటింట్లో నిలబడ్డాను. నాలుక చివరికి ఊర్మిళ పేరు వచ్చింది. నిజం చెబుతున్నాను, తిట్టాలని కాదు, సరదాగానే. నా మీద ఆ మాట వేసిన పెద్దావిడ కూడా సరదాగానే అనుంటుంది.

మాట మింగేశాను. కుక్కర్ పెట్టబోయి, విజిలేస్తుందని ఆగి, గిన్నెలో అన్నం పడేశాను.